వీరాస్వామికి వినపడిన తీగలు

2023 మే నెల. సముద్రం మీద వేట నిషేధం నడుస్తున్న రోజులు. తెనాలిలో మార్కెట్ వెనక సందులో నాకో వాయిద్యాల రిపేరు షాపు ఉంది. ముప్పై ఏళ్ళుగా హార్మోనియాలు, గిటార్లు, కీబోర్డులు బాగుచేస్తున్నాను. పెళ్ళిళ్ళ సీజను కావడంతో ఆ నెలంతా ఆర్కెస్ట్రాల వాళ్ళ సామానుతో షాపులో కాలు పెట్టే చోటు లేదు. అలాంటి ఒక ఉదయం వీరాస్వామి భుజాన బేస్ గిటార్ సంచీతో రేపల్లె బస్సు దిగి వచ్చాడు.

అతనిది నిజాంపట్నం. వయసు నలభై ఆరు. మరబోటులో ఇంజన్ డ్రైవరు. వేట లేని రోజుల్లో బాపట్ల సరళ గారి ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాడు. సరళ గారు బళ్ళో టీచరు, మంచి గాయని, ఆ బృందాన్ని నడిపేది ఆవిడే. ఇద్దరూ నాకు పాత ఖాతాదారులు.

వీరాస్వామి దగ్గరున్నది ఫ్రెట్‌లెస్ బేస్. మామూలు గిటార్ మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు కడ్డీలుంటాయి, వాటిని ఫ్రెట్స్ అంటారు. రెండు ఫ్రెట్ల మధ్య ఎక్కడ నొక్కినా స్వరం తన చోట తాను పలుకుతుంది. ఫ్రెట్‌లెస్‌లో ఆ కడ్డీలుండవు. నున్నటి చెక్క, నాలుగు లావు తీగలు, అంతే. గమకం జారుగా, మనిషి గొంతులా వస్తుంది. కాని వేలు నూలుపోగంత పక్కన పడినా అపశ్రుతే. వయొలిన్‌కి లాగే దీనికీ చెవే దారి చూపాలి.

సంచీ విప్పాడు. తీగలు ఉప్పుగాలికి తుప్పు పట్టి నల్లబడ్డాయి. వాటి కింద ఫింగర్‌బోర్డ్ మీద, అంటే వేళ్ళు నొక్కే చెక్క మీద, పొడవునా గాట్లు పడ్డాయి.

"తీగలు మార్చాలి అన్నగారూ. సుతి బాగా తెలిసే తీగలు వెయ్యండి" అన్నాడు.

నేను ఉత్సాహంగా పాఠం మొదలెట్టాను. రౌండ్‌వౌండ్ అంటే గుండ్రటి సన్న తీగ చుట్టినది, మోత కణకణలాడుతుంది, కాని ఆకురాయిలా చెక్కని తినేస్తుంది. ఫ్లాట్‌వౌండ్ అంటే బల్లపరుపు రేకు చుట్టినది, అద్దంలా నున్నగా ఉంటుంది, మోత మెత్తగా గుండెల్లోంచి వచ్చినట్టుంటుంది, చెక్కకి హాని లేదు. ఇవి రెండూ కాక నైలాన్ పట్టీ చుట్టిన టేప్‌వౌండ్ అని ఒకటి.

"నీ చెక్క ఇప్పటికే సగం అరిగింది. ఫ్లాట్‌వౌండే నీకు మంచిది" అన్నాను.

"మీరు చెప్తే సరేనండి" అన్నాడు.

చెక్క చదును చేసి, మెడ వంపు సరిచేసి, ఫ్లాట్‌వౌండ్ తీగలు ఎక్కించాను. నేనే వాయించి చూసుకున్నాను. పట్టు చీర మీద చెయ్యి పోనిచ్చినట్టుంది. అతను కూడా నాలుగు స్వరాలు వాయించి, కాసేపు తల వంచుకుని, "బాగుందండి" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి అంతసేపు ఎందుకు పట్టిందో నేను పట్టించుకోలేదు. మంచి పని చేశానన్న సంతోషంలో ఉన్నాను.

వారం తిరక్కుండా సరళ గారు ఫోన్ చేశారు.

"అన్నయ్య గారూ, వీరాస్వామికి ఏం తీగలు వేశారండీ? ఇదివరకు అక్కడక్కడా పక్కకి పోయేవాడు. ఇప్పుడు పాటంతా పోతున్నాడు. నిన్న రిహార్సల్లో నేను రెండుసార్లు పాడటం ఆపెయ్యాల్సొచ్చింది."

"తీగల్లో తేడా ఏం లేదమ్మా, నేను చూసే పంపాను."

"బాపట్లలో రిసెప్షన్ ఇంకా పన్నెండు రోజులుంది. ఇలాగే ఉంటే బేస్ కీబోర్డు మీదే వాయించేసుకుంటామండి. ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు. పదిహేనేళ్ళుగా నాతో ఉన్నవాడు. అతనికి ఈ మాట ఎలా చెప్పాలో తెలీక మీకు చేశాను."

మర్నాడు వీరాస్వామిని రమ్మన్నాను. బేస్ తీసుకుని శ్రుతి చూశాను. నాలుగు తీగలూ సరిగ్గా ఉన్నాయి. మెడ కదల్లేదు. నేను వాయిస్తే ఏ దోషమూ లేదు. అతన్ని వాయించమని బల్ల ఎదురుగా కూర్చున్నాను.

అతను బేస్ ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగి, గిటార్ ఒంటికి పైన పొడుచుకొచ్చిన కొమ్ముకి దవడ ఆనించాడు. అది అతని అలవాటేమో అనుకున్నాను. నేను చెయ్యి చాపి ఒక తీగ ఉత్తగా మీటి, పక్క తీగ మీద అదే స్వరం నొక్కి చూపించి, "ఈ రెండూ కలిశాయా?" అని అడిగాను. "కలిశాయండి" అన్నాడు. వేలు కాస్త జరిపి మళ్ళీ మీటాను. "ఇప్పుడు?" అన్నాను. అతను నా వేలి వంక చూడటం లేదు, తీగ వంకా చూడటం లేదు. నా మొహం చూస్తున్నాడు. నా పెదవులు చూస్తున్నాడు.

నేను లేచి, తీగల డబ్బా తెచ్చుకునే నెపంతో అతని వెనక్కి వెళ్ళాను. మామూలు గొంతుతోనే అడిగాను: "వీరాస్వామీ, కాఫీ తాగుతావా?"

అతను కదల్లేదు. తీగ మీటుకుంటూ కూర్చున్నాడు.

ముందుకొచ్చి కూర్చుని, అతను నా పెదవులు చూసేలా నెమ్మదిగా అన్నాను. "ఎన్నాళ్ళయింది?"

దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నాడు. బేస్ పక్కన పెట్టి చెప్పాడు.

"ఇరవై రెండేళ్ళు ఇంజన్ పక్కన పడుకున్నానండి. ముందు చెవుల్లో ఈల మొదలైంది. తర్వాత సన్న మోతలు ఒక్కొక్కటే పోయాయి. మా చిన్నమ్మాయి గొంతు సన్నమండి. అది మాట్లాడితే పెదాలు కదలటమే కనపడుద్ది నాకు. లావు మోతలు తెలుస్తాయి. బేస్ కాబట్టి నెట్టుకొస్తన్నా. పాత తీగలు తుప్పుతో గరగరలాడేయి కదా, దవడ ఆనించి ఆ గరుకు పట్టుకుని వాయించేవాణ్ణి. ఈ కొత్తవి మరీ నున్నగా ఉన్నాయండి. దుప్పట్లో చుట్టినట్టుంది నాకు."

"మొదటి రోజే చెప్పొచ్చు కదయ్యా!"

"సుతి తెలిసే తీగలు కావాలని అడిగాను కదండీ" అన్నాడు.

అతను అడగాల్సింది అడిగాడు. శ్రుతి తెలియడమంటే నా చెవికి తెలియడమని నేనే అనుకున్నాను. ఫ్లాట్‌వౌండ్ అందం అంతా పై మోతల్ని అణచడంలోనే ఉంది. అవి అణిగాక అతనికి మిగిలింది ఒట్టి దిమ్ము.

"సరళ గారికి చెప్పావా?"

"చెవిటోణ్ణి బ్యాండ్‌లో ఎవరు పెట్టుకుంటారండీ? అక్కడ సరే, బోటు మీద తెలిసినా పని పోద్ది. ఇంజన్ జబ్బు మోత విని చెప్పాల్సింది డ్రైవరే. ఇప్పుడు చెయ్యి ఆనించి చెప్తన్నా."

ఆ రోజు వేరే పని ముట్టుకోలేదు. షాపులో ఉన్న బేస్ తీగలన్నీ తీసి బల్ల మీద పెట్టాను. ఒక్కొక్క రకం ఎక్కించడం, అతన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టడం, రెండు స్వరాలు మీటడం, కలిశాయో లేదో అతను చెయ్యెత్తి చెప్పడం. టేప్‌వౌండ్ వేస్తే చెయ్యి అసలు లేవలేదు. చుట్టిన తీగని సగం అరగదీసి అమ్మే హాఫ్‌రౌండ్ వేస్తే సగం సరిగ్గా చెప్పాడు, సగం ఊహించాడు. మధ్యాహ్నం దాటాక నికెల్ రౌండ్‌వౌండ్ ఎక్కించాను, సన్న సైజువి. మొదటి స్వరం మీటగానే గోడవైపు నుంచి ఇటు తిరిగి, తీగ మీద వేలు పోనిచ్చి చూశాడు.

"ఇదండి! దీనికి అంచుంది. వేలికి గరుకు తగులుద్ది, చెవిలోనూ తెలుస్తంది."

మళ్ళీ తిప్పి కూర్చోబెట్టాను. వేలు జరిపిన ప్రతిసారీ "పక్కకి పోయింది", "ఇప్పుడొచ్చింది" అని చెప్పాడు. ఒకటి రెండుచోట్ల తప్ప అన్నీ సరే. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. నేను తీగ చూస్తున్నట్టు నటించాను.

ఇక చెక్క సంగతి. రౌండ్‌వౌండ్ దాన్ని తినకుండా ఎపాక్సీ, అంటే గట్టిపడితే గాజులా అయ్యే జిగురు, మూడు పూతలు పూశాను. ఒక్కో పూత ఆరి గట్టిపడటానికి రెండేసి రోజులు ఆగాను. మెడ అంచున, వాయించేవాడికి మాత్రమే కనపడేలా, స్వరాల చోట్ల తెల్ల చుక్కలు పెడతానంటే మాత్రం అతను ఒప్పుకోలేదు.

"గుర్తులు చూసుకుని వాయిస్తే నవ్వుతారండి."

"కళ్ళద్దాలు పెట్టుకుని చదివితే ఎవరైనా నవ్వుతారా?" అన్నాను. మెడ అంచు వేలితో తడిమి చూసుకుని, "చిన్నవి పెట్టండి" అన్నాడు.

యాంప్ సంగతి ఒక్కటి మిగిలింది. బేస్ మోత వచ్చే ఆ పెట్టెని స్టేజి వెనక కాకుండా అతని పక్కన, చెవి ఎత్తులో పెట్టాలి. అది సరళ గారికి చెప్పకుండా కుదరదు. "నేనొస్తాను పద" అన్నాను.

రిసెప్షన్‌కి రెండు రోజుల ముందు బాపట్లలో, సరళ గారి ఇంటి ముందు హాల్లో రిహార్సల్. అక్కడ నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి తనే చెప్పాడు.

"అక్కగారూ, నాకు వినపడటం తగ్గిందండి. నాలుగేళ్ళవుతంది. మీకు చెప్పలేదు. తప్పేనండి."

ఆవిడ చేతిలో పాటల పుస్తకం మూసేశారు. అతనికి ఎదురుగా వచ్చి నిలబడి అడిగారు. "నాలుగేళ్ళుగా నీ పక్కనే నిలబడి పాడుతున్నాను కదా తమ్ముడూ. నా పాట నీకు వినపడటం లేదా?"

"వినపడటంలేదండి. గుర్తుందండి" అన్నాడు.

సరళ గారు చీర చెంగుతో మొహం తుడుచుకుని, తబలా ఆయన్ని పక్కకి జరగమని, యాంప్‌ని తనే ఎత్తి ఒక స్టూలు మీద వీరాస్వామి చెవి పక్కన పెట్టారు. తను కూడా చోటు మార్చి, అతనికి మొహం కనపడేలా తిరిగి నిలబడ్డారు. "పల్లవి ఎత్తుకుంటున్నా, చూడు" అన్నారు.

అద్భుతమేమీ జరగలేదు. వేగంగా నడిచే కొత్త పాటలు అతనికి అందలేదు. వాటికి బేస్ కీబోర్డు మీదే వాయించాలని ఆవిడ నిర్మొహమాటంగా చెప్పారు. నెమ్మదిగా సాగే పాటలు అతనికి ఉంచారు. అతను ఒప్పుకున్నాడు. నేనూ వెళ్ళిన ఆ రిసెప్షన్‌లో రెండుచోట్ల స్వరం జారింది. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు. భోజనాల దగ్గర ఎవరో పెద్దాయన వచ్చి, "ఆ లావు గిటార్ ఏంటి బాబూ, మనిషి పాడినట్టుంది" అని అతని వీపు తట్టి వెళ్ళాడు.

జూన్‌లో బోట్లు సముద్రంలోకి వెళ్ళే ముందు అతన్ని గుంటూరులో చెవుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. పోయింది తిరిగి రాదని, మిషన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయని, సంగీతానికి అది అంతగా పనికిరాదని, ఉన్నది పోకుండా ఇంజన్ దగ్గర చెవులు మూసుకోవాలని డాక్టరు చెప్పాడు. మిషన్ వచ్చిన రోజు వీరాస్వామి నాకు ఫోన్ చేశాడు. ఫోన్లో వెనక ఆడపిల్ల మాటలు వినిపిస్తున్నాయి. "మా చిన్నది తిడతంది అన్నగారూ, పొద్దుట్నుంచీ ఆపకుండా తిడతంది" అని నవ్వుతూనే ఉన్నాడు. బోటు యజమానికి మాత్రం ఆర్నెల్లకి గాని చెప్పలేకపోయాడు. ఇప్పుడు బోటెక్కడం మానేసి, ఒడ్డున ఇంజన్లు విప్పే పనిలో ఉన్నాడు. బేస్ వాయిస్తూనే ఉన్నాడు.

గుంటూరులో అతను పరీక్ష గదిలో ఉండగా నాకో ఆలోచన వచ్చి, నేనూ చీటీ రాయించుకున్నాను. ముప్పై ఏళ్ళుగా పక్కవాళ్ళ శ్రుతులకి తీర్పు చెప్పిన చెవులు కదా, ఎలా ఉన్నాయో చూద్దామని. కుడి చెవిలో పై స్వరాలు బాగా తగ్గాయన్నారు. రంపం, ఆకురాయి, మోటార్ల మధ్య బతుకు. నేనెప్పుడూ గమనించలేదు. ఫ్లాట్‌వౌండ్ మెత్తదనం మీద నాకున్న అంత మోజులో నా చెవి వాటా ఎంతో ఇప్పుడు చెప్పలేను.

అప్పట్నుంచి తీగల కోసం ఎవరొచ్చినా వాళ్ళ చేతే వాయించి, "మీకెలా వినపడుతోంది?" అని అడుగుతున్నాను. మొదట్లో అందరూ "బాగానే ఉందండి" అనేవారు. అందుకని నా సంగతి ముందు చెప్పేస్తున్నాను, కుడి చెవి తగ్గిందని. ఆ మాట విన్నాక చాలామంది వాయిద్యం పక్కన పెట్టి కుర్చీ దగ్గరగా లాక్కుంటారు. ఒకరు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటారు, ఒకరు భుజం లేవటం లేదంటారు, ఒకరు గొంతు తగ్గించి, ఇంట్లో కూడా చెప్పలేదంటారు. అదంతా విని, అప్పుడు తీగల డబ్బా తీస్తాను.