విరుపులక్క విరిచిన ముక్క

ఆవిడ పని విరగ్గొట్టడం. పొద్దున్నే షెడ్డుకొచ్చి, లాగుడు మిషను ముందు స్టూలు వేసుకుని, లోహపు కడ్డీల్ని ఒక్కొక్కటే దాని దవడల్లో బిగించి తెగేదాకా లాగించేది. అందుకే అందరికీ ఆవిడ విరుపులక్క. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పిలిచేటప్పుడే వినపడేది.

చదువు ఐదో తరగతితో సరి. సీసాలు కడిగింది, ఇటుకలు మోసింది, చివరికి ఈ షెడ్డులో ఊడవడానికి చేరింది. మిషను మీదుండే ముసలాయన చూపు ఆనక మానేస్తే, రోజూ పక్కన నిలబడి చూసేది కదా అని ఈవిణ్ణి కూర్చోబెట్టారు.

ఆ షెడ్డులో లోహపు పొడిని ఒక ప్లేటు మీద పల్చగా పరిచి, లేజరుతో కరిగించి, పొర మీద పొర పేర్చి సామాన్లు చేస్తారు. ప్రతి విడతలోనూ వాటి పక్కనే ఒక కడ్డీ లేస్తుంది. దాన్ని సాక్షి అంటారు. గట్టిదో కాదో చూద్దామని సామానునే విరుచుకోలేరు కదా, అందుకని సాక్షిని విరుస్తారు. సాగి, నడుం సన్నబడి తెగిందా, మంచిదే. బిస్కెట్టులా పుటుక్కుమందా, ఆ విడత మొత్తం తుక్కులోకి.

ఆవిడ మొగుడు ఇళ్లకు రంగులేస్తాడు. ఎడమకాలు మోకాలి కింద లేదు. పెట్టుడు కాలుతోనే నిచ్చెనెక్కి, కిందున్న రెండు కాళ్లవాళ్లను ఆటపట్టిస్తుంటాడు. ఆ కాలికి చీలమండ దగ్గరుండే ముక్క పగిలింది. పాత రకం, ఎక్కడా దొరకలేదు. విరుపులక్క వెళ్లి యజమానిని అడిగితే, ప్లేటు మీద మూలెక్కడైనా ఖాళీ ఉంటే చేయించుకోమన్నాడు.

లేజరు మిషను నడిపే అతను ముచ్చటగా చేశాడు. కొలిమిలో కాల్చి, ప్లేటు నుంచి కోసి, నున్నగా రుద్ది మరీ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆ విడత సాక్షిని ఆవిడ మిషనుకు బిగించింది.

పుటుక్కుమంది.

తెగిన మొహం చూస్తే పొరల మధ్య కరగని పొడి, ఇసక పలుకుల్లా మెరుస్తోంది. అతను కూడా వచ్చి చూసి నాలిక కరుచుకున్నాడు.

"లేజరు అద్దానికి మసి పట్టిందక్కా. నేనే చూసుకోలేదు."

"మళ్లీ ఎప్పుడేస్తావు?"

"ఈ పొడి మళ్లీ ఎక్కించేది వచ్చే నెలే. నీ ముక్క నువ్వు పట్టుకుపో అక్కా. బావేమన్నా ఏనుగా?"

ఆవిడ ముక్కను చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. బస్సులో దారి పొడుగునా సంచి ఒళ్లోనే. చెప్పకుండా ఇచ్చేస్తే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు కూడా. అదే చిక్కు.

ఇంట్లో మొగుడు మంచం మీద కాలూ, స్క్రూలూ పరుచుకుని కూర్చున్నాడు.

"రేపు రమ్మన్నాడే మేస్త్రీ. రెండంతస్తుల గోడ. తెచ్చావా?"

"తెచ్చాను. పెట్టుకోడానికి కాదు."

"మరెందుకు, షోకేసులో పెట్టడానికా?" ముక్కను లైటు కింద అటూ ఇటూ తిప్పాడు. "అద్దంలా ఉంది. ఎక్కడుంది లోపం?"

"లోపల."

"నీ కళ్లకి అన్నీ విరిగిపోయేవే. పెళ్లిచూపుల్లో నన్నెలా ఒప్పుకున్నావో."

"అప్పటికి ఈ పని తెలీదు. పద."

వీధి చివర సైకిల్ షాపు ఇంకా మూయలేదు. మొగుడు చంకకర్ర వేసుకుని, గొణుక్కుంటూనే వెనకాల వచ్చాడు. షాపాయన వైస్‌లో ముక్కను సగందాకా బిగించి, పైసగానికి ఇనపగొట్టం తొడిగాడు. ఆవిడ గొట్టం పట్టుకుని బలం కొద్దీ లాగింది. ముక్క కొంచెం వంగింది. విరగలేదు.

మొగుడు మొహం వెలిగిపోయింది. "చూశావుగా? ఇక బిగించుకోనా?"

"నువ్వు ఒక్క అడుగేసి ఆగుతావా?" అంటూ ఆవిడ గొట్టాన్ని అటు తోసింది. మళ్లీ ఇటు లాగింది. మళ్లీ అటు. ఈసారి ముందు ఏ చప్పుడూ లేకుండానే గొట్టం, విరిగిన సగంతో సహా ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఊపుకి వెనక్కి తూలి షాపాయన కాలు తొక్కింది.

"నా కాలు ఒరిజినలమ్మా, కాస్త చూసుకో," అన్నాడు షాపాయన.

మొగుడు నవ్వలేదు. వైస్‌లో మిగిలిన సగాన్ని వేలితో తడిమి చూశాడు. ఇంటికొచ్చాక మేస్త్రీకి ఫోన్ చేసి రాలేనన్నాడు. ఆ గోడకు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. నెల్లాళ్లు అతను ఇంట్లోనే ఉండి, తలుపులకీ కిటికీలకీ మిగిలిన రంగులన్నీ పూసేశాడు. ఒక్కో తలుపూ ఒక్కో రంగు.

మరుసటి నెల అద్దం తుడిచి మళ్లీ చేశారు. ఆవిడ ఇంటికొచ్చి కొత్త ముక్క అతని పక్కన పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"విరగ్గొట్టావా?"

"దీని తోడుదాన్ని."

"ఎలా తెగింది?"

ఆవిడ సంచిలోంచి సాక్షి ముక్కలు రెండూ తీసి ఇచ్చింది. తెగినచోట లాగిన రబ్బరులా సన్నబడి ఉన్నాయి. అతను వాటిని దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సరే, ఆ స్క్రూడ్రైవరు ఇలా అందివ్వు," అన్నాడు.