చిన్నమ్మ దాచిన టికెట్లు

మా ఊరి పొద్దుటి బస్సు రద్దయినప్పుడు నాకు ముందు గుర్తొచ్చినవి చిన్నమ్మ గంపలే. గరిడేపల్లి దగ్గరి మా ఊరి నుంచి మిర్యాలగూడ మార్కెట్‌కు బీరకాయలు, గోరుచిక్కుడు మోసుకుపోయి అమ్మడమే మా అమ్మ చెల్లెలి బతుకు. బస్సు లేక, ఆటో నిండేదాకా కూర్చుని వెళ్తే, ఆమె జాగాలో అప్పటికే ఇంకెవరో గంప దించి ఉండేవారు. సూర్యాపేటకూ కోదాడకూ బస్సులు వరసగా పరుగెత్తుతుంటే మా రోడ్డుకు ఒక్కటి కరువైందని నాకు ఒళ్లు మండేది.

చిన్నప్పుడు ఆ బస్సు రావడమే నాకు పండగ. చిన్నమ్మ తన టికెట్‌ను గాజుల కింద దోపుకొచ్చి సాయంత్రం నా చేతిలో పెట్టేది. ఆ రంగు కాగితాలతో అరుగు మీద కండక్టర్ ఆట ఆడేవాణ్ణి. వాటికి చెమట, కొత్తిమీర కలిసిన వాసన ఉండేది. ఆ వాసన ఇప్పటికీ కావాలనిపిస్తుంది.

బస్సు కోసం ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను. చెప్పులు అరిగేలా తిరిగాక, డిపో అధికారి ఒక మాట ఇచ్చాడు. "పదిహేను రోజులు నడుపుతం. మంది ఎక్కితే ఉంటది, లేకుంటే ఖతం."

అందరూ ఎక్కాలని ఊరంతా చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే కదా అని, "టికెట్లని కండక్టర్‌ను సతాయించకుండ్రి, మనకోసం వస్తుండు పాపం" అని కూడా అన్నాను. నా పెద్దరికం అలా ఏడ్చింది.

బస్సు రోజూ కిటకిటలాడింది, ఎక్కినవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే. ఉచిత టికెట్‌కు చూపించాల్సిన ఆధార్ కార్డులు ఇంట్లోనే పెట్టి వచ్చేవారు. కండక్టర్ మొహమాటస్తుడు, గట్టిగా అడగలేదు. పదహారో రోజు బస్సు రాలేదు. డిపోకు పరుగెత్తితే సంగతి తెలిసింది. ఆడవాళ్లకు పైసా తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్ అయినా మిషన్‌లో కొడితేనే మనిషి ఎక్కినట్టు లెక్క. మా బస్సు కాగితాల్లో ఖాళీగా తిరిగింది.

చిన్నమ్మ దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆమె లోపలి నుంచి బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. పదిహేను రోజుల జీరో టికెట్లు, ఒక్కటీ పోలేదు.

"నేను వద్దన్నా తీసుకున్నవా?"

"టికెట్ లేకుండ బస్సెక్కుడు నాకు అలవాటు లేదు బిడ్డా."

"మరి ఇవన్ని దాసిపెట్టుడెందుకు?"

"నీకోసమే. తేకపోతే ఏడ్సెటోనివి గదా."

యాభై దాటిన నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆ డబ్బాతో, బస్సెక్కిన ఆడవాళ్లందరితో డిపోకు వెళ్లాను. అధికారి టికెట్లు తిరగేసి, "ఒక్కామెవేనా?" అన్నాడు.

"ఈమె ఒక్కతే నా మాట ఇనలే సార్. మిగిలినోళ్లంత ఇన్నరు."

ఆయన నవ్వి ఇంకో నెల గడువిచ్చాడు. ఆ నెలంతా ఆడవాళ్లు కార్డులు చేతపట్టుకుని, ముందు టికెట్ కొట్టించుకుని మరీ కూర్చున్నారు. బస్సు నిలిచింది.

చిన్నమ్మ మళ్లీ తన జాగాలోనే గంపలు దించుతోంది. సాయంత్రం నేను బస్సుకు ఎదురెళ్తాను. గాజుల కింది నుంచి టికెట్ తీసి నా చేతిలో పెడుతుంది. మిషన్ అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతోంది. అయినా ఒక్కటీ పారేయలేదు.