ఒబడయా వేసిన వంకర ఉచ్చు

ఒబడయా థర్కెటిల్ పగలు కంచెలు అల్లేవాడు, చీకటి పడితే దొర అడవిలో ఉచ్చులు పన్నేవాడు. ఇత్తడి తీగకు పొగబెట్టి మెరుపు చంపి, నేలకు పిడికెడు ఎత్తున కట్టాడంటే ఆ దారిన పోయే కుందేలు కుండలో పడ్డట్టే. ఇంగ్లండులో ఆ నార్ఫోక్ ప్రాంతపు కుందేళ్లన్నీ దొరవేనని చట్టం. ఆ సంగతి కుందేళ్లనెవరూ అడగలేదు లెండి.

అంతటివాడు మూడోసారి పట్టుబడ్డాడు. అదీ బురదగుంటలో నడుందాకా దిగబడి, అడవి కాపలాదారు జేబెజ్‌ను తానే కేకేసి పిలిచి మరీ! జేబెజ్ పైకి లాగాడు; లాగాక పట్టుకోక తప్పలేదు. కోర్టువారు ఏడేళ్లు సముద్రం అవతలి ఖైదీల దీవికి పంపమన్నారు.

తీరా దొంగే లేకపోయాక కాపలా ఎందుకని దొర జేబెజ్‌ను పనిలోంచి తీసేస్తానన్నాడు. జేబెజ్ కోర్టులో న్యాయం చెప్పే పాదిరి పెంబర్‌థీ గారి దగ్గరికి పరుగెత్తాడు.

“అయ్యగారూ, వాడొట్టి చేతగానివాడండీ! ఇన్నేళ్లలో ఒక్క కుందేల్ని పట్టిన పాపాన పోలేదు. వాణ్ణి ఓడెక్కిస్తే ఓడ ఖర్చు దండగండీ.”

ఖర్చు మాట పాదిరిగారికి నచ్చింది. “నా ఎదుట ఉచ్చు వెయ్యమను. నిజంగా చేతగానివాడైతే క్షమించమని లండన్‌లో సర్కారుకి నేనే రాస్తాను,” అన్నారు.

ఈ కబురు జైలుకు మోసుకొచ్చింది ఒబడయా భార్య కెజియా. వినగానే అతను ఊచలు పట్టుకుని ఎగిరాడు.

“చేతగానివాణ్ణా? పోయిన క్రిస్మస్‌కి ఎవరు పట్టిన కుందేలు తిన్నాడో ఆ జేబెజ్‌గాణ్ణి అడుగు!”

“నోర్ముయ్యవయ్యా! ఏడేళ్లు నేనెవరి మొహం చూసి బతకాలి? వంకరగా వెయ్యి. నీకు దణ్ణం పెడతా.”

మర్నాడు పాదిరిగారు జైలు పెరట్లో కుర్చీ వేయించుకున్నారు. జైలరు తన పెంపుడు కుందేలు డచెస్‌ని చంకనెత్తుకొచ్చాడు. ఒబడయా తీగ అందుకున్నాడో లేదో, వేళ్లు వాటంతటవే చక్కటి ముడి వేసేశాయి. గబగబా విప్పేశాడు. రెండోసారీ అంతే.

“ఏరా, కుదరట్లేదా?” అన్నారు పాదిరిగారు.

“కుదరట్లేదండయ్యా,” అన్నాడు, అక్షరాలా నిజమే చెబుతూ.

చివరికి కెజియా మొహం ఒక్కసారి చూసి, కళ్లు మూసుకుని, ఎడంచేత్తో ఏదో చుట్టి వదిలాడు. డచెస్ గెంతుకుంటూ వెళ్లి తీగ వాసన చూసి, తల దూర్చి, అందులోనే హాయిగా కూర్చుంది. కెజియా ఊపిరి ఆగిపోయింది. ఇంతలో జైలరు క్యారెట్ చూపించాడు. డచెస్ ఉచ్చుని మెళ్లో దండలా వేసుకుని, తీగ కట్టిన మేకుతో సహా పీక్కుని వచ్చేసింది.

పాదిరిగారు కడుపు పట్టుకుని నవ్వారు. “ఇదా నీ పనితనం? నీకన్నా సాలెపురుగు నయం కదరా!”

“నయమేనండీ.” అంత కష్టమైన అబద్ధం అతనెప్పుడూ ఆడలేదు.

కొన్ని వారాలకు క్షమాభిక్ష వచ్చింది. జేబెజ్ ఉద్యోగం నిలిచింది. ఇంటిదారిలో ఒబడయా తలెత్తలేదు.

“ఊరంతా నవ్వుతారే, కెజియా.”

“నవ్వనీ. నువ్వు గొప్ప ఉచ్చులేసిన రాత్రుల్లో తెల్లారేదాకా నాకు కన్ను మూతపడేది కాదు. ఆ చెత్త ఉచ్చు వేసిన రాత్రి కంటినిండా నిద్రపోయాను.”

ఒబడయా ఆమె చేతిలోని మూట తను తీసుకున్నాడు.