కొండగట్టు మీదుగా బ్యూనస్ ఏరిస్

ఏ విమానం ఎక్కడ ఎగురుతోందో ఫోన్లో చూస్తూ కూర్చుంటే నాకు అన్నం నీళ్లు అక్కర్లేదు. ఆ రోజు పొద్దున ఆదిలాబాద్‌లో కరీంనగర్ బస్సెక్కి అదే పనిలో ఉన్నాను. మా బస్సు కదిలిన క్షణానే దక్షిణ అమెరికాలో లీమా నుంచి బ్యూనస్ ఏరిస్‌కు ఒక విమానం లేచింది. దూరం మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు, ప్రయాణం నాలుగున్నర గంటలు.

పక్క సీట్లో ఉన్న మా బామ్మర్దికి చెప్పాను. మా వైపు దూరాన్ని గంటల్లోనే అడుగుతారు, గంటల్లోనే చెబుతారు. అందుకని వాడికి మూడు వేలు వినబడలేదు, నాలుగున్నర ఒక్కటే వినబడింది.

"గంతేనా బావా? మన కరీంనగర్ అంత దూరమే. మన బస్సే ముందు పోతది."

"నడుమ ఆండీస్ పర్వతాలున్నయిరా."

"మనకు నిర్మల్ ఘాట్ లేదా?"

పందెం కాశాం. నాది విమానం, వాడిది బస్సు. ఓడినవాడు కొండగట్టు ఆంజనేయస్వామికి గుండు ఇవ్వాలి. వాడి జుట్టులో రెండు పిచ్చుకల కుటుంబాలు కాపురం పెట్టొచ్చు. నావి ఎడమ చెవి నుంచి కుడి చెవికి తీగలా పాకించిన నాలుగు వెంట్రుకలు. పోతే మళ్లీ రావు.

సంగతి బస్సంతా పాకింది. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దామె, బస్సందరికీ ఖాలా, డ్రైవరు భుజం తట్టింది.

"జర తేజ్ పోనియ్ బేటా. పోరగాని నెత్తి ఖరాబైతది."

ఘాట్ మలుపుల్లో చక్రాలు నేలను మొహమాటానికి తాకాయి. డ్రైవరు నిర్మల్‌లో చాయ్ మానేశాడు. ఆయన చాయ్ మానడం గోదావరి వెనక్కి పారడంతో సమానం. జగిత్యాల దాటేసరికి విమానం, మేము పోటాపోటీ. నా నాలుగు వెంట్రుకలూ నిక్కబొడుచుకున్నాయి.

కొండగట్టు కమాను దగ్గర బస్సు ఆగింది. అక్కడ కొబ్బరికాయ కొట్టకుండా మా డ్రైవరు ముందుకు పోడట. బామ్మర్ది ఆపొద్దనడానికి లేచాడు. నోరు తెరిచి, గుండు అడుగుతున్నదీ ఈ స్వామే కదా అని గుర్తొచ్చి, చెంపలేసుకుని కూర్చున్నాడు. డ్రైవరు తీరిగ్గా కాయ కొట్టి, సీటు సీటుకూ ముక్కలు పంచాడు. నా ముక్క నోట్లో ఉండగా విమానం నేలమీద వాలింది.

"ఇంక కూసున్నవేంది బేటా," అంది ఖాలా. "జాగకే వచ్చినవ్. దిగు."

వాడి వెంట నేనూ దిగాను, ఆ గుండు చూడకపోతే పందెం గెలిచి ఏం లాభం? కాసేపటికి వాడు కల్యాణకట్టలోంచి బయటికొచ్చాడు. నున్నగా, గుండ్రంగా, అప్పుడే రంగేసిన నిర్మల్ కొయ్యబొమ్మలా మెరిసిపోతున్నాడు. ఎదురొచ్చిన ఒకామె "పెండ్లికొడుకు లెక్కున్నవ్ బిడ్డా" అని దారిచ్చింది. నావైపు చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గాలికి నా తీగ పందిరి వదిలి ముక్కు మీదికి దిగిందని అప్పుడు తెలిసింది.

"బావా, యాడికి? గెలిచింది నువ్వే గదా."

"ఊకో," అన్నాను, గుండ్ల వరసలో నిలబడుతూ.