సాయంత్రానికే ఇంటికొచ్చిన అత్తయ్య

మా మేనత్త పోయిందని కాలేజీ ఆఫీసుకి ట్రంక్ కాల్ వచ్చింది. చెప్తున్న పాఠం మధ్యలో ఆపి ఫోను దగ్గరికి పరుగెత్తాను. "అమ్మడూ, మీ అత్తయ్య ఇక లేదే. నిద్రలోనే గుండె ఆగిపోయింది" అన్నాడు మావయ్య. నా నోటి వెంట వచ్చిన మొదటి మాట, "డాక్టరు చూసి చెప్పాడా?" అని. ఆ మాట ఎందుకు వచ్చిందో మావయ్యకి అర్థమయ్యే ఉంటుంది. ఆవిడ మనకి దక్కదని ఊరంతా ఒకసారి అనుకుంది. నేనూ దాదాపు అనుకున్నాను. ఈసారి నిజమేనట.

నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే దారిలో వాళ్ల మామిడితోట. నా చిన్నప్పటి వేసవులన్నీ అక్కడే గడిచాయి. అత్తయ్య గురించి చెప్పాలంటే ముందు ఆ గొంతు గురించి చెప్పాలి. వాకిట్లో నిలబడి ఒక్క కేక వేస్తే తోట చివర గడకి కట్టిన చిక్కంతో కాయ దింపుతున్నవాళ్లు "ఆఁ, వస్తన్నామమ్మా" అని పలికేవారు. చేతులకి ఎప్పుడూ సొన మరకలే. కోసిన కాయని బోర్లా పెట్టి, సొన పూర్తిగా కారిందాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "ఓపిక పట్టకపోతే మూతి కాలుద్ది" అనేది. నేను ఎం.ఏ. చదివి వచ్చాక కూడా ఏదడిగినా "ఏమో" అంటుంటే, "తెలీదని చెప్పడానికి అన్నేళ్ల చదువెందుకే?" అని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది.

మెడలో గడ్డ లేచిన సంగతి ఆవిడ చాలాకాలం చెంగు మాటున దాచింది. అన్నం ముద్ద దిగడం కష్టమయ్యాకే మాకు తెలిసింది. అప్పుడు నాకు సెలవులు, తోటలో కాయ కోతలు. బెజవాడలో మద్రాసు నుంచి వచ్చిన కుర్ర సర్జన్ ఒకాయనకి చూపించాం. థైరాయిడ్ గడ్డ అన్నారు. తీసి పరీక్షకి పంపితే గాని అది మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారు.

"కోతలప్పుడు వారం రోజులు మంచమెక్కి కూర్చోమంటే నా వల్ల కాదండీ" అంది అత్తయ్య.

"అక్కర్లేదమ్మా. మెడ వరకే మత్తిచ్చి పొద్దున తీసేస్తాను. అంతా బాగుంటే సాయంత్రం ఇంటికి పంపించేస్తాను."

మా వైపు పొట్ట కోసినా, కాలు కోసినా కుట్లు విప్పిందాకా ఆసుపత్రిలోనే ఉంటారు. మెడ కోసి సాయంత్రానికి పంపడమేమిటి? ఆయన అందరికీ అలా చెయ్యరట. గడ్డ ఒకవైపే ఉంది, మనిషి గట్టిగా ఉన్నారు కాబట్టి చెయ్యొచ్చన్నారు. ఆ తరవాత నన్ను వరండాలోకి పిలిచి మిగతాది చెప్పారు. లోపల రక్తం చేరితే ఊపిరిగొట్టాన్ని నొక్కేస్తుంది. చాలా అరుదుగా జరుగుతుంది, కానీ జరిగితే వ్యవధి ఉండదు. అందుకని తెల్లారేదాకా కిరాయి కారుని గుమ్మం ముందే ఉంచుకోవాలి. మెడ ఉబ్బినా, ఊపిరిలో శబ్దం వచ్చినా నూజివీడులో ఆయనకి తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, ఆయన వెంటనే కుట్లు విప్పుతారు. "మీరు చదువుకున్నవారు కదా, మెడ మీద చెయ్యి వేసి చూస్తూ ఉండండి" అన్నారు. ఆ చదువు నాకు భయపడటానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

ఆపరేషన్ జరుగుతుండగా నర్సు ఒకసారి బయటికొచ్చి నవ్వింది. గొంతు నరం దెబ్బ తినకుండా చూసుకోవాలి కాబట్టి, పేషెంటుని మాట్లాడుతూ ఉండమన్నారట. "మీ అత్తయ్యగారు మాకు తోటంతా తిప్పి చూపిస్తున్నారండీ. బావి పక్క చిన్నరసం అయింది, గట్టు మీద బంగినపల్లి అయింది, ఇప్పుడు పెద్దరసాల్లో ఉన్నాం." మావయ్య తుండుగుడ్డలో మొహం దాచుకున్నాడు.

సాయంత్రం టాక్సీలో ఇంటికి చేరాం. అత్తయ్య వెనక సీట్లో దిళ్లకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. గొంతు బొంగురుపోయింది, మాట్లాడొద్దన్నారు. పందిట్లో మంచం వేసి, దిళ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. డ్రైవరు కారుని గుమ్మం ముందే ఆపి దాన్లోనే కూర్చున్నాడు. ఇదంతా వీధిలోంచి చూసేవాళ్లకి ఎలా కనిపిస్తుందో మాకెవరికీ తోచలేదు. పొద్దున ఆపరేషనుకని వెళ్లిన మనిషి అదే సాయంత్రం టాక్సీలో వెనక్కి వస్తే మా వైపు దానికి ఒకటే అర్థం. కోసి చూశారు, లాభం లేదన్నారు, ఇంటి దగ్గరే పోనివ్వమని పంపారు.

దీపాల వేళకి పందిరి నిండిపోయింది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

"పొద్దున నడిచెళ్లి బస్సెక్కింది కదే!"

"కారు ఆపించారు చూడు. ఎవరెవర్నో పిలుచుకురావాలి గదా."

"ఆపరేషన్ బాగా అయిందండీ, అందుకే పంపించారు" అన్నాను. ఒకావిడ నా తల నిమిరి, "అలాగేలేమ్మా, ధైర్యంగా ఉండు" అంది. ఇంకొకరికి చెప్పాను, ఆవిడా అలాగే నిమిరింది. ఇంతమంది ఇంత నమ్మకంగా చూస్తుంటే నాకూ అనుమానం మొదలైంది. నన్ను వరండాలోకి విడిగా పిలిచి ఎందుకు చెప్పాడా డాక్టరు? నాకు చెప్పినదంతా నిజమేనా? మావయ్యకి వేరే ఏదైనా చెప్పాడా? మావయ్య మెట్ల మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు.

అత్తయ్య మెడ మీద వేళ్లు పెట్టి చూశాను. ఉబ్బిందా? ఇందాక ఇంత బిగుతుగా ఉందా? ఏమో. వేళ్లు తీస్తే భయం, పెడితే భయం.

ఇంతలో అత్తయ్య పెద్ద తోటికోడలు ఏడుస్తూ గ్లాసులో తులసి తీర్థం పట్టుకొచ్చింది. "జరగండమ్మా, రెండు చుక్కలు పొయ్యనివ్వండి" అంటూ చెంచా ఎత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే వినిపించింది, అత్తయ్య గొంతులోంచి గురగురమని శబ్దం. ఆగి మళ్లీ వచ్చింది.

"కారు తియ్యవయ్యా!" అని అరిచాను. ఇంజను మోగింది. నేను లేవబోతుంటే అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. కళ్లు తెరిచింది. చెంపల మీంచి నీళ్లు కారి కట్టు అంచు తడిసి ఉంది. అది ఊపిరాడని శబ్దం కాదు. కుట్లు లాగకుండా, ఎవరికీ తెలియకుండా, గొంతులోనే నొక్కుకుని ఏడుస్తోంది. పందిట్లో వాళ్లు అనుకున్నవన్నీ ఆవిడా విన్నది మరి.

నన్ను దగ్గరికి లాక్కుంది. మాట గాలిలా వచ్చింది.

"నిజం చెప్పు. లాభం లేదన్నాడా?"

"లేదత్తయ్యా. అనలేదు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను కళ్లు తిప్పలేదు. లోపల భయం పోలేదు. కానీ అనలేదన్నది మాత్రం నాకు తెలిసిన నిజం, దాన్ని పట్టుకునే నిలబడ్డాను.

"ఏమో అన్లేదుగా నువ్వు. చాలు" అంది. తరవాత తోటికోడలి వైపు తిరిగింది. "అక్కా, పోసేదేదో కాసిని కాఫీ పొయ్యి. పొద్దుట్నించీ కడుపులో ఏం లేదు."

ఆవిడ చేతిలో చెంచా కింద పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మావయ్య మెట్ల మీంచి లేచి, లోపలికి పోయి, పొయ్యి తనే రాజేశాడు. చల్లార్చి ఇచ్చిన ఆ కాఫీని ఆవిడ ఒక్కో గుక్కా మింగుతుంటే అంతమందీ ఆ మెడ వైపే చూస్తూ నిలబడ్డారు.

గడ్డ మంచిదేనని తరవాత కబురొచ్చింది. కానీ అత్తయ్య అందరికీ చెప్పుకున్నది కాఫీ సంగతే, ఏడుపు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ ఈరోజు వరకూ ఎక్కడా అనలేదు. భయపడటం తప్పు కాదని, భయపడుతూనే అడగాల్సింది అడగాలని నాకు ఆ సాయంత్రం తెలిసింది. తెలిసిందనే అనుకుంటున్నాను.

ఆ రాత్రి గడిచి, మర్నాడు పొద్దున కోత కూలీలు వచ్చారు. అత్తయ్య వాకిట్లో నిలబడి అలవాటుగా నోరు తెరిచింది. గొంతు లేవలేదు. ఒక్క క్షణం ఆగి, నేను వద్దంటున్నా వినకుండా, చెప్పాల్సింది దగ్గరికి వెళ్లి చెప్పడానికి నెమ్మదిగా తోటలోకి నడిచింది. కాయ బరువుకి కొమ్మలు నేలదాకా వంగి ఉన్నాయి. వాటి మధ్య ఆ తెల్ల కట్టు కనిపించేది, మాయమయ్యేది. మాయమైనప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అది మళ్లీ కనిపించింది, ఇంకాస్త దూరంలో.