సేఫ్టీ వాల్వుకు పెట్టిన బొట్టు

కంకిపాడులో మా బావగారు వెంకటప్పయ్య బీరువాలకు రంగులు కొడతారు. ఇంటి వరండాయే ఆయన షెడ్డు. అక్కడే ఒక మూల గాలి కంప్రెసర్, దానికి మూడడుగుల దూరంలో మా అక్క రాజ్యలక్ష్మి కుట్టు మిషను. వెలుతురు బాగా వచ్చేది అక్కడేనని అక్క ఆ చోటు వదలదు.

బావగారికి పనంటే ప్రాణం, అది ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. పన్నెండేళ్ళలో ఒక్క మెకానిక్‌ను గడప తొక్కనివ్వలేదు. బెల్టు మార్చడం, ఆయిలు పోయడం, సాయంత్రం ట్యాంకు అడుగున మర తిప్పి లోపల చేరిన నీళ్ళు వదలడం, అన్నీ తన చేతులతోనే. ఏటా దసరాకు దాన్ని తుడిచి గంధం, పసుపు, కుంకుమ పెట్టేదీ ఆయనే. "చూడరా జయకృష్ణా, ఎంత కళొచ్చిందో!" అని నన్ను పిలిచి మరీ చూపించేవారు.

మొన్న శ్రావణంలో దాని ఆటో స్విచ్చు మొండికేసింది. ట్యాంకు నిండగానే మోటారును అదే ఆపాలి, ఆపడం లేదు. గవర్నర్‌పేటలో మా ఆఫీసు పక్క సందులోనే దొరుకుతుంది, తెస్తానన్నాను.

"ఎందుకురా? గేజు ముల్లు ఎనిమిది మీదకి రాగానే నేనే కట్టేస్తున్నాగా. నా మిషను సంగతి నాకు తెలీదా?"

"మీరు మర్చిపోతేనో బావగారూ?"

"సేఫ్టీ వాల్వుందిగా. ప్రెషర్ మితిమీరితే అదే గాలి వదిలేస్తుంది."

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నాడీయన అని నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని వచ్చేశాను. ఆ తప్పు నాది.

వారం తిరక్కుండానే ఒక పొద్దున మోటారు వేసి ఉండగా, గుమ్మం బయట ఎవరో పిలిస్తే బావగారు మాటల్లో పడ్డారు. మోటారు మూలుగు విని అక్క తలెత్తి చూసింది. ముల్లు ఎర్ర గీత దాటిపోయి ఉంది. కుడుతున్న జాకెట్టు పారేసి పరిగెత్తి మెయిన్ కట్టేసింది. ఆ వెంటనే నాకు ఫోన్ చేసింది.

స్విచ్చు కొనుక్కుని మధ్యాహ్నానికల్లా వెళ్ళాను. అప్పటికే బావగారు ట్యాంకులో గాలంతా వదిలేసి పాత స్విచ్చు విప్పారు. లోపలి పాయింట్లు రెండూ కాలి అతుక్కుపోయాయి. కొత్తది బిగించి, "ఇంతేరా" అన్నారు.

"అది సరే, వాల్వు గాలెందుకు వదల్లేదండీ?"

లోపలి కడ్డీ కదులుతుందో లేదోనని ఆయన వాల్వు రింగు పట్టుకుని లాగారు. కదల్లేదు. ప్లయర్‌తో లాగినా కదల్లేదు. చివరికి విప్పి బ్లేడుతో గీకారు. పైన రంగు పొర, కింద పసుపు, దాని కింద మళ్ళీ రంగు, మళ్ళీ పసుపు.

మిషను నెత్తిన నిలబడి ఉంటుంది కదా, బొట్టుకు అదే చోటని పన్నెండు దసరాలూ ఆయన ఆ వాల్వు మీదే గంధం, పసుపు ముద్దగా మెత్తారు. ఏడాది పొడుగునా రంగు తుంపర దాని మీద పడి పేరుకుంది. కదలాల్సిన కడ్డీ బిగుసుకుపోయింది.

బావగారు వాల్వును అరచేతిలో పెట్టుకుని అక్కడే చతికిలబడ్డారు. ఆయన కంప్రెసర్‌కేసి చూడలేదు. అక్క కూర్చునే స్టూలుకేసి చూస్తున్నారు.

అక్క మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ, "పోనీలెండి, ఏటా చేసిన పూజ ఊరికే పోలేదు. ఆ దుర్గమ్మ తల్లే కాపాడింది" అంది.

"ఆ తల్లి సంగతి నాకు తెలీదే. మెయిన్ కట్టేసింది నువ్వు" అన్నారు బావగారు. గ్లాసు అందుకోలేదు. "నీ పక్కన బాంబు పెట్టి, దానికి ఏడాదికోసారి బొట్టు పెట్టాను."