పువ్వుకు ఒక రేకు ఎక్కువ

మా మామగారు పోయారు. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, వసారాలో పడక్కుర్చీ మీద నడుం వాల్చారు. మజ్జిగ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే వెళ్లిపోయారు. కబురు అందగానే నెల్లూరు అవతలి వెంకటాచలం నుంచి ఆయన చిన్ననాటి స్నేహితుడు, మేమంతా పెద్దాయన అని పిలిచే రైతు, వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సాయంత్రందాకా అక్కణ్ణుంచి లేవలేదు.

విడవలూరులో మామగారిని ఉప్పు కొటార్ల గుమాస్తాగా, సంఘ పెద్దగా ఎరిగినవాళ్లు చాలామంది. నేను ఎరిగిన మనిషి మాత్రం కిటికీ పక్కన ఒక నాణేన్ని ఎండకు పట్టుకుని, భూతద్దంలోంచి చూస్తూ, అన్నం పిలుపు వినిపించుకోని మనిషి.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నయాపైసలు కొత్త. అంగట్లో అణాలా పైసలా అని రోజూ తగవే. జనం పాత నాణేలు వదిలించుకుంటుంటే ఈయన పోగుచేసేవారు. అప్పటికే కంట్లో పొరలు కమ్ముతున్నాయి. నేను వచ్చిన వారం తిరక్కుండానే వసారాలోంచి పిలిచారు.

"అమ్మాయ్, ఇట్రా. నీ కళ్లు బాగుండాయి గదా, ఈ రెండూ చూసి చెప్పు."

రెండు కాలణాలు. ఒకే రాజు, ఒకే సంవత్సరం. "రెండూ ఒకటే మామయ్యా" అన్నాను.

"తొందరపడి ఒకటే అనొద్దమ్మా. మళ్లా చూడు."

చాలాసేపు చూశాక తెలిసింది, ఒకదాని మీద రాజు చెవి వెనక జుట్టు వేరుగా ఉంది. చెప్పగానే ఆయన ముఖం చూడాలి! కొత్త ఇంట్లో నా బెరుకు ఆ రోజుతో పోయింది. నాణేన్ని ఉక్కు అచ్చుతో కొడతారనీ, అచ్చు అరిగితే మళ్లీ చెక్కుతారనీ, చెక్కే చేయి మారితే ఆకో చుక్కో మారుతుందనీ అప్పుడు చెప్పారు. "ఎవరో ఒక మనిషి కూర్చోని చెక్కినాడు గదమ్మా. వాడి చెయ్యి అదుగో, ఆడుండాది" అనేవారు.

మా అత్తయ్యకు ఇదంతా గిట్టేది కాదు. ఒకసారి ఆయన ఊరెళ్లినప్పుడు నాణేలన్నీ చింతపండుతో తోమి తళతళలాడించి పెట్టింది, మెచ్చుకుంటారని. ఆయన చూసి కూలబడిపోయారు. "ఎంత పని చేసినావే! దాని వయసంతా కడిగేసినావు గదే!" అత్తయ్యకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి ఆయనే బతిమాలి అన్నం తినిపించారు.

ఆ తర్వాత ఏడాదికేమో, పెద్దాయన పైపంచె కొంగున నాలుగు వెండి రూపాయలు మూటకట్టుకుని వచ్చాడు. వాళ్లమ్మ దాచుకున్నవి. అన్నీ విక్టోరియా రాణివి, అన్నిటి మీదా 1862 అనే ఉంది. ఆ ఒక్క సంవత్సరం పేరుతోనే టంకశాలలో చాలా ఏళ్లు కొట్టారట. అందులో ఒకదాని మీద, సంవత్సరం కింద ఉండే పువ్వుకు ఒక రేకు ఎక్కువ. కనిపెట్టి మామగారి చెవిలో వేసింది నేనే. మామగారు తన దగ్గరున్న 1862 రూపాయి తెచ్చి, మార్చుకుందామా అన్నారు.

"అదీ రాణే, ఇదీ రాణే. నీకేది నచ్చితే అది తీసుకోరా. నాకు వెండి వెండే" అని పెద్దాయన నవ్వాడు.

నాణేలు కొనే మద్రాసు వ్యాపారి ఒకాయన ఏడాదికోసారి మా వైపు వచ్చేవాడు. ఆ రూపాయి చూపిస్తే పెదవి విరిచాడు. "ఇట్లాంటి చిన్న తేడాలు వేలుంటాయి సార్. అరుదై ఉండాల, అరక్కుండా ఉండాల, అన్నిటికన్నా అడిగేవాడుండాల. అడిగేవాడు లేకపోతే రేకుకు రేటెక్కడిది?"

"రేటు సంగతి నేనడగలేదు లెండి. రేకు కనపడిందా లేదా?" అన్నారు మామగారు.

అయిదారేళ్లు గడిచాయి. ఒక వానాకాలం అదే వ్యాపారి వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరో పెద్ద సేకర్త 1862 రూపాయల్లో తేడాలన్నీ పోగుచేస్తున్నాడట. ఆ రేకున్నది ఆయనకు ఎక్కడా దొరకలేదట. వ్యాపారి చెప్పిన ధర విని అత్తయ్య గుమ్మం పట్టుకుంది. అప్పటికి మా వంటింటి కప్పు నాలుగుచోట్ల కారుతోంది. గిన్నెలు పెట్టుకుంటూ వండుకుంటున్నాం.

మామగారు రూపాయిని గుడ్డలో చుట్టి, "ఇది నాది కాదు. అడిగి చెప్తా" అన్నారు.

వ్యాపారి వెళ్లాక అత్తయ్య ఊరుకోలేదు. "మీది కాకపోవడమేంది? మార్చుకున్నారు గదా! ఆయనే తీసుకోమన్నాడు గదా!"

"రెండూ ఒకటేననుకోని ఇచ్చినాడే. ఒకటి కాదని నాకు తెలుసు. వాడికి తెలవదు."

నిజం చెప్పాలంటే నా మనసూ కప్పు మీదే ఉంది. అయినా మర్నాడు ఆయన ఒక్కరే బస్సులు మారలేరని తోడు వెళ్లాను. నెల్లూరులో దిగి వెంకటాచలం బస్సెక్కాం. పెద్దాయన సంగతంతా విని మండిపడ్డాడు.

"దీనికోసరం ఇంతదూరం వచ్చినావంట్రా? ఇచ్చినదాన్ని ఎనక్కి తీసుకునేవాడి మాదిరి కనపడతా ఉండానా నీకు?"

"నువ్వు తెలిసి ఇచ్చుంటే తీసుకునేవాణ్ణిరా" అని మామగారు రూపాయిని ఆయన చేతిలో పెట్టి, గుప్పిట మూసి, తన రూపాయి తాను తీసుకున్నారు. వ్యాపారి మీ ఊరికే వస్తాడు, నీ ఇష్టం అని లేచారు. బస్సులో దారంతా కిటికీ బయటికి చూస్తూనే ఉన్నారు.

నెల తిరక్కుండా పెద్దాయన దోసకాయల గంపతో మా ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "నా మనవరాలు అడుగులేస్తా ఉండాదిరా. కాళ్లకు మువ్వల కడియాలు చేయించినా. ఇంట్లో వెండి రూపాయలన్నీ కరిగించేసినాం" అన్నాడు. అంటూ అంటూనే ఆగిపోయాడు.

మామగారు తిరిగిచ్చిన రేకు రూపాయిని ఆయన తక్కిన వాటితోపాటు ఒకే పెట్టెలో వేశాడు. వాళ్ల కోడలు ఆ పెట్టె తీసి అలాగే కంసాలికి ఇచ్చింది.

"అయ్యో, అదీ పోయిందిరా! నాకు తోచలేదురా" అని పెద్దాయన తల పట్టుకున్నాడు. అత్తయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామగారు లేచి పెరట్లోకి వెళ్లారు. నూతి దగ్గర ముఖం కడుక్కోవడం కనిపించింది. తిరిగొచ్చి స్నేహితుడి పక్కన కూర్చున్నారు. "నీ రూపాయి, నీ మనవరాలు. మంచి పనే చేసినావు" అన్నారు. ఆ పూట నాలుగు మెతుకులు కెలికి లేచారు. చాలా రోజులు కిటికీ దగ్గర కూర్చోలేదు. కప్పు మరుసటేడు మావారు అప్పుచేసి నేయించారు.

పెద్దాయన రావడం మానేశాడు. మొహం చెల్లలేదు. ఆయన రాకపోవడమే మామగారికి రూపాయి కన్నా పెద్ద లోటయింది. చివరికి ఒకరోజు, "అమ్మాయ్, పోదాం పద" అని తానే బయల్దేరారు.

మేం వెళ్లేసరికి పాప పెద్దాయన వాకిట్లో ధాన్యం చుట్టూ తిరుగుతోంది. పెద్దాయన రెండడుగులు ఎదురొచ్చి తల దించుకున్నాడు. మామగారు పలకరించి, నేల మీదే చతికిలబడి, పాపను చేతులు చాచి పిలిచారు. అది కొత్త లేకుండా వచ్చి ఆయన భుజం పట్టుకుని నిలబడింది. ఒక పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. చూపు ఆనని కళ్లను దగ్గరికి తెచ్చి, ఆ లేత చీలమండ చుట్టూ కడియాన్ని ఎండలో మెల్లగా తిప్పుతూ చూడసాగారు. పెద్దాయన కూడా వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. పాప ఒంటికాలి మీద, కదలకుండా, చాలాసేపు నిలబడింది.